పన్నెండింటికి పిలిచే పెద్దమ్మ

దయ్యాలంటే నాకు చిన్నప్పుడు కూడా భయం లేదు. మా బాపు హుజూరాబాద్ దగ్గర మిషన్ చర్చి సమాధుల తోటకు కాపలా ఉండేవాడు. బడి నుంచి వచ్చాక ఆ సమాధుల మీద కూర్చునే ఎక్కాలు చదువుకునేదాన్ని. పోయినవాళ్ళు ఎవరి జోలికీ రారని ఆయన అనేవాడు. నేనూ అదే నమ్మాను. ఇప్పుడు చెప్పబోయేది దయ్యం కథో కాదో కూడా నాకు తెలియదు.

ఆదిలాబాద్‌లో బడి యూనిఫాంలు కుట్టే ఒక చిన్న యూనిట్‌లో నేను సూపర్‌వైజర్‌ని. ఒక పొడవాటి రేకుల షెడ్డు, రెండు వరుసల్లో ఇరవై మిషన్లు. పెద్దవాళ్ళకు మధ్యాహ్నం ఒకటిన్నరకు అన్నం. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళకు లెక్క వేరు. వాళ్ళతో వరుసగా మూడు గంటలకు మించి పని చేయించకూడదు, ఆ తర్వాత గంట విశ్రాంతి ఇవ్వాలి. గోడ మీద అతికించిన కాగితంలో ఈ మాట నా చేతిరాతలోనే ఉంది.

రెండేళ్ళ కిందట మా దగ్గర అలాంటివాళ్ళు ఇద్దరు ఉండేవారు. పదో తరగతి అయ్యాక చేరిన స్రవంతి, కిన్వట్ వైపు నుంచి వచ్చిన మరాఠీ పిల్ల పల్లవి. పొద్దున తొమ్మిదికి వచ్చేవారు, పన్నెండుకు లేచి తినేవారు.

ఆ మే నెలలో, బడులు తెరిచేలోపు సరుకు ఇవ్వాలని తొందర పడింది. “వీళ్ళిద్దరికే వేరే బ్రేక్ ఎందుకు? అందరితోని ఒకటిన్నరకే తింటరు తియ్యి” అన్నాడు మా ఓనర్. నేను కాదనలేదు. రిజిస్టరులో మాత్రం పన్నెండు నుంచి ఒంటిగంట దాకా విశ్రాంతి అని రాసి, ఇద్దరితో సంతకాలు పెట్టించాను. ఆ రాత నాదే, తప్పూ నాదే.

మొదటి రోజే సరిగ్గా పన్నెండుకు స్రవంతి మిషన్ ఆపి లేచింది. ఎందుకు లేచావని అడిగాను.

“గా పెద్దమ్మ లేవమన్నది మేడం. అన్నం తిని రమ్మన్నది.”

“ఏ పెద్దమ్మ?”

“గామెనే. గిప్పుడే మీ బల్ల దిక్కు పోయింది.”

నేను ఆ బల్ల దగ్గరి నుంచే వస్తున్నాను. దారిలో ఎవరూ లేరు. ఆకలై అబద్ధమాడుతోంది అనుకుని కూర్చోబెట్టాను. రెండో రోజూ అంతే. ఫోన్లన్నీ నా సొరుగులో ఉంటాయి, షెడ్డులో గడియారం లేదు. ఆమెకు టైం ఎలా తెలుస్తోందో అర్థం కాలేదు.

మూడో రోజు పన్నెండుకు ముందే వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాను. కుడుతున్నది కుడుతూనే ఠక్కున తలెత్తింది. ఎదురుగా ఎవరో నిలబడినట్టు ఖాళీ చోటుకేసి చూసి, “రాను పెద్దమ్మా, మేడం పోనిస్తలే” అంది. నాకు మిషన్ల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. “నోరు మూసుకొని కుట్టు” అన్నాను.

ఒంటిగంట కాకముందే ఆమె కళ్ళు తిరిగి ముందుకు తూలింది. సూది చూపుడువేలి గోరులోంచి దిగింది. ఆస్పత్రికి నేనే తీసుకుపోయాను. పొద్దున ఏం తిన్నావని డాక్టరు అడిగితే, చాయ్ తాగి వచ్చానని చెప్పింది. నేను తల వంచుకుని నిలబడ్డాను.

సాయంత్రం ఓనర్, నేను కెమెరాలో రికార్డయింది చూశాం. దానికి శబ్దం లేదు. పన్నెండుకు స్రవంతి తలెత్తింది. అదే క్షణంలో, షెడ్డు ఆ చివర కూర్చున్న పల్లవి కూడా తలెత్తింది. మధ్యలో ఎనిమిది మిషన్లు, బట్టల కుప్పలు. ఒకరికి ఒకరు కనిపించరు. తర్వాత ఇద్దరి తలలూ నెమ్మదిగా, ఒకే వేగంతో తలుపు వైపు తిరిగాయి. నడిచిపోతున్న మనిషిని చూసినట్టే. వరుసల మధ్య దారి మాత్రం ఖాళీగా ఉంది.

ఓనర్ మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాడు. చివరికి, “రేపటి సంది వాళ్ళను పన్నెండుకే పంపు” అని లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు పల్లవిని అడిగాను. ఆ పిల్లకు తెలుగు అంతంత మాత్రమే. “పోరీ, జేవాయ్‌లా చల్” అని ఒకామె పిలుస్తుందని చెప్పింది. పిల్లా, తిందువు పద అని. స్రవంతిని అడిగితే, “బిడ్డా, లే, అన్నం తిను” అంటుందట. ఇద్దరూ చెప్పిన మనిషి ఒక్కటే. ఆకుపచ్చ చీర, నెరిసిన జుట్టు, చేతిలో స్టీలు డబ్బా.

ఆ షెడ్డులో ముందెవరైనా చనిపోయారేమో అని చుట్టుపక్కల అడిగాను. అది మొదట్లో గోనెసంచుల గోదాం. ఎవరూ చనిపోలేదు, అలాంటి ఆడమనిషి ఎవరికీ తెలియదు.

పల్లవి మానేసి ఊరికి వెళ్ళిపోయింది. స్రవంతికి మొన్న పద్దెనిమిది నిండాయి. ఆ మర్నాడు పన్నెండయినా లేవలేదు. దగ్గరికి వెళితే, “ఇయ్యాల పిలువలే మేడం” అంది. ఏడుపు ఆపుకుంటున్నట్టు కనిపించింది.

పోయిన వారం ఆసిఫాబాద్ నుంచి రేష్మా అనే కొత్త అమ్మాయి చేరింది. ఆధార్ జిరాక్స్ ప్రకారం పంతొమ్మిదేళ్ళు. అందుకే అందరితోపాటు ఒకటిన్నరకే బ్రేక్ రాశాను. రెండో రోజు పన్నెండుకు మిషన్ ఆపి నా దగ్గరికి వచ్చింది.

“తినడానికి పోవచ్చా మేడం? గా ఖాలమ్మ ‘బేటీ, ఖానా ఖా లే’ అని పిలిచింది.”

అదే పెద్దమ్మ, అదే పిలుపు, ఈసారి ఉర్దూలో. “నిజం చెప్పు రేష్మా, నీకెన్నేండ్లు?” అన్నాను.

“గా ఆధార్ మా అక్కది మేడం. నాకు పదారే.”

రిజిస్టరులో ఆమె పేరు ఎదురుగా రాసింది కొట్టేసి, తినమని పంపాను. రేష్మా మిషన్ దగ్గరే కాసేపు నిలబడి చెవులు రిక్కించాను. ఫ్యాన్ల హోరు తప్ప ఏమీ లేదు. కాగితాలు చూసి కూడా నేను పట్టుకోలేని వయసు ఆ పెద్దమ్మకెలా తెలిసిందో, అసలు ఆమె ఎవరో, ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టడం లేదు.