మిల్లు మీటింగులో నాన్న కుర్చీ

పేపర్లో నా నంబరు చూసుకున్న రోజు, బెజవాడలో జగ్గయ్యపేట బస్సెక్కి నందిగామలో దిగేలోపు బి.ఏ. పాసయ్యానని ఎంతమందికి చెప్పానో! కండక్టరుకి చెప్పాను. మిరపకాయల మూట ఒళ్లో పెట్టుకున్న ముసలావిడకి చెప్పాను. "అయితే ఇక నీకు ఎండలో పనుండదన్నమాట" అందావిడ. మా ఇంట్లో సంతకం నేర్చుకున్న మొదటివాడు మా నాన్న. డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేను.

ఇంటికెళ్లేసరికి నాన్న చేతిలో కవరుంది. నా వార్త విని భుజం మీద గట్టిగా చరిచాడు.

"మంచి టయానికొచ్చావురా. మిల్లు నుంచి ఇంగిలీషు కాయితమొచ్చింది. పైన 'శ్రీ' కూడా ఏశారు."

అది జగ్గయ్యపేట శివారులోని వేరుశెనగ నూనె మిల్లు. అక్కడ రోడ్డు పక్కన మా అమ్మకి పుట్టింటివాళ్లిచ్చిన అరెకరం ఉండేది. కంపెనీ పెట్టిన రైతులు దాన్ని తీసుకుని, డబ్బుకి బదులు నాన్నకి ఇరవై షేర్లిచ్చారు. వాటివల్ల మాకు దక్కిందల్లా ఏడాదికోసారి మీటింగుకి రమ్మనే కార్డు. దాని మీద నాన్న పేరుకి ముందు 'శ్రీ' అచ్చేసి ఉండేది. మిగతా రోజుల్లో 'ఒరేయ్' అనే ఆ కంపెనీ పెద్దరైతు ఆ రోజు 'రావయ్యా, కూర్చో' అనేవాడు. కూర్చోవడం కుర్చీలోనే. కాఫీ కూడా అందరికీ ఇచ్చే గాజు గ్లాసులోనే. మా ఊరి దగ్గరున్న ఆ రైతుల చేలల్లో కూలికెళ్లే నాన్న ఆ ఒక్క రోజు కోసం చెంబులో నిప్పులు పోసి చొక్కా ఇస్త్రీ చేసుకునేవాడు.

"ఆగు, ఇప్పుడే చదవమాక" అని మా పేటలో వాళ్లందరినీ పిలుచుకొచ్చాడు. వాకిట్లో నిలబడి, మా లెక్చరర్ గొంతు పెట్టి, ఉత్తరం మొత్తం ఇంగ్లీషులో గడగడా చదివేశాను. నా గొంతు నాకే ముద్దొచ్చింది తప్ప మాటలు బుర్రకెక్కలేదు.

"అచ్చం దొర చదివినట్టుందిరా!" అన్నాడు చిన్నాన్న. అమ్మ కళ్లు తుడుచుకుంది.

"ఇప్పుడు తెలుగులో చెప్పు" అన్నాడు నాన్న.

మళ్లీ మొదటి నుంచి చూశాను. అప్పుడు అర్థమైంది.

"నీ షేర్లు అమ్మెయ్యమంటున్నారు నాన్నా. ఎవరికమ్మాలో వాళ్లే చెబుతారంట. ధర వాళ్ల ఆడిటరు కడతాడంట."

"నేను అమ్మనుగా."

"అమ్మనన్నా తీసుకుంటారు."

"షేర్ల కాయితం నా బైబిల్లో ఉంటే ఎట్టా తీసుకుంటారు? నేను సంతకం పెడితేగా?"

"నువ్వు పెట్టకపోతే నీ బదులు డైరెక్టరు పెడతాడు. అట్టా రూలుంది."

"ఓరి వీళ్లిల్లు బంగారంగానూ! రేపు మనకి ఆకలేస్తే మన బదులు అన్నం కూడా వాళ్లే తింటారేమో!" అన్నాడు చిన్నాన్న.

"ఆ రూలుకి ఎవరొప్పుకున్నారంట?" అన్నాడు నాన్న.

"నువ్వే. షేర్లిచ్చినప్పుడు సంతకం పెట్టావని ఇందులో ఉంది."

తెల్లారి ఇద్దరం జగ్గయ్యపేట మిల్లుకి వెళ్లాం. పెద్దరైతు నా పాసు సంగతి విని నిజంగానే సంతోషించాడు. కంపెనీ రూళ్ల పుస్తకం నా చేతికిచ్చి, "చదివినోడివి, నువ్వే చూడు" అన్నాడు. చూశాను. ఒకటికి రెండుసార్లు చదివాను. ఏ వంకా దొరకలేదు. కింద నాన్న సంతకం ఉంది, పెద్ద పెద్ద అక్షరాలతో, ఎంతో శ్రద్ధగా.

"మావాళ్లంతా ఒక్క కుటుంబంగా ఉందామంటున్నారు. నీ మీద కోపమేం లేదు" అన్నాడు పెద్దరైతు.

నాన్న నిలబడే ఉన్నాడు. ఎదురుగా కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

"బాబుగారూ, పంతొమ్మిది తీసుకోండి. ఒక్క షేరు ఉంచండి చాలు."

"ఒక్కటున్నా ఇరవై ఉన్నా మీటింగుకి పిలవాలి గదరా" అన్నాడాయన.

కోపంగా అనలేదు. ఉన్న మాటే చెప్పాడు.

తిరుగు బస్సులో నాన్న అడిగాడు.

"నువ్వింకా పై చదువు చదివితే ఆ రూలు తియ్యొచ్చా?"

"తియ్యలేం నాన్నా."

టిక్కెట్లు కొడుతూ కండక్టరు మా దగ్గరికొచ్చాడు. నాన్న చొక్కా సర్దుకుని, "మావోడు బి.ఏ. పాసయ్యాడండి" అన్నాడు.

"నిన్ననే చెప్పాడుగా పెద్దాయనా" అని కండక్టరు చిల్లర చేతిలో పెట్టి ముందుకెళ్లిపోయాడు.