రాజపూజ్యం రెండు, అవమానం ఆరు

పోయిన ఆదివారం మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో, రెండో అంతస్తులో ఉండే అమ్మాయి ఒకతె, మీ ఏడాదిని బాగుచేసిన మంచి అలవాటు ఏమిటో అందరూ తలా ఒకటి రాయండి అని అడిగింది. సాయంత్రానికల్లా గ్రూపు నిండిపోయింది. తెల్లవారుజామునే లేవడం, పంచదార మానేయడం, కొర్రల అన్నం, పడుకునే ముందు ఫోను పక్క గదిలో పెట్టి రావడం, ఇలా ఎవరికి తోచింది వాళ్ళు రాశారు. మా అమ్మాయి నా పక్కన కూర్చుని, "ఈ ఏడాదిది కాకపోయినా ఫరవాలేదమ్మా, నీ ఈత సంగతి రాయి" అంది. రెండు వాక్యాలు కొట్టాను, చెరిపాను, మళ్ళీ కొట్టాను, మళ్ళీ చెరిపి ఫోను బోర్లించేశాను. ఈత గురించి రాస్తే ఆ ఏడాది మా వంటింటి గురించి కూడా రాయాలి. అది పిల్లల గ్రూపులో చెప్పుకునేది కాదు. చెయ్యి మోకాలి మీద ఆనించి లేచే నా ఈడు వాళ్ళకైతే చెప్పుకోవచ్చు.

ఇది మూడేళ్ళ కిందటి మాట. నాకప్పుడు అరవై ఆరు నిండాయి. కాకినాడ ట్రెజరీలో ఉద్యోగం చేసి రిటైరై, మణికొండలో మా అమ్మాయి దగ్గరికి వచ్చి అప్పటికి నాలుగేళ్ళయింది. ఉగాది నాడు క్లబ్‌హౌసులో మైకు పెట్టి పంచాంగ శ్రవణం చేయించారు. నా రాశికి ఆదాయ వ్యయాల దగ్గర పెద్ద తేడా లేదు గాని, రాజపూజ్యం రెండు, అవమానం ఆరు అని చదివారు. అందరూ నవ్వుకుంటూ పులిహోర దగ్గరికి వెళ్ళిపోయారు. నేను మాత్రం ఆ అంకెలు ఇంటికి తెచ్చుకున్నాను. జీవితమంతా పద్దులు సరిచూసినదాన్ని, అంకె చెవిన పడితే ఊరుకోలేను. పంచాంగం నమ్ముతానా అంటే నమ్మను, కానీ తేలని లెక్క నాకు నిద్ర పట్టనివ్వదు.

ఆ నెలలోనే మోకాళ్ళు మొరాయించాయి. డాక్టరు ఫోటోలు తీయించి చూసి, ఆపరేషన్ అన్నాడు. మా అక్కకి అదే ఆపరేషన్ చేయించాక ఆవిడ కుర్చీలోంచి లేవడమే మానేసింది, కాబట్టి ఆ మాట వినగానే వేరే దారి లేదా అని అడిగాను. నా మొహం చూసి జాలేసిందేమో, దసరా దాకా గడువిచ్చాడు. ఈలోగా రోజూ నీళ్ళలో నడిచి, కాళ్ళాడించి, తొడల్లో బలం తెచ్చుకుని, రెయిలింగ్ పట్టుకోకుండా ఒక అంతస్తు ఎక్కి చూపిస్తే కత్తి పక్కన పెడతానన్నాడు. నీళ్ళంటే మా అపార్ట్‌మెంటులో స్విమ్మింగ్ పూల్ ఒక్కటే. పొద్దున పదింటి నుంచి పదకొండింటి దాకా ఆడవాళ్ళకి. చీరతో దిగరాదు, సల్వారుతో దిగరాదు, ఈత దుస్తులే వేసుకోవాలి అని అక్కడ బోర్డు.

గోదావరి కాలవ పక్కన పుట్టాను గాని నాకు ఈత రాదు. మా అన్నయ్యలు గట్టు మీంచి దూకుతుంటే వాళ్ళ బట్టలకు కాపలా కూర్చోవడం మా అక్కచెల్లెళ్ళ పని. అలాంటి నాకు మా అమ్మాయి ఫోనులో ఆర్డరు పెట్టి, మోచేతుల దాకా చేతులూ మోకాళ్ళ దాకా కాళ్ళూ ఉన్న నల్లటి తొడుగు ఒకటి తెప్పించింది. ఇంతకన్నా నిండుగా ఉన్నది దొరకదమ్మా అంది. గది గడియ పెట్టుకుని వేసుకుని అద్దంలో చూసుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక ఎండ మొహం చూడని పిక్కలు. చప్పున దాని మీద చీర చుట్టబెట్టుకుని మంచం మీద కూలబడ్డాను. అవమానం ఒకటి, అని లెక్క వేసుకున్నాను.

కానీ అసలు భయం అద్దం కాదు, మా అల్లుడు. మా అమ్మ అల్లుళ్ళతో తలుపు వెనక నుంచే మాట్లాడేది. నేను అంత కాదు, ఎదురుగా నిలబడి వడ్డిస్తాను, ఒకే సోఫాలో ఆ చివరా ఈ చివరా కూర్చుని వార్తలు చూస్తాం. అయినా ఆయన ఉండగా కాళ్ళు చాపి కూర్చోను, జుట్టు విరబోసుకుని హాల్లోకి రాను. ఆయన అత్తయ్యగారూ అంటాడు, నేను బాబూ, మీరు అంటాను. ఆ రోజుల్లో ఆయనకి ఇంటి నుంచే ఉద్యోగం. ఫోను మీటింగులన్నీ బాల్కనీలో అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడేవాడు. మాది ఆరో అంతస్తు. ఆ బాల్కనీ సరిగ్గా స్విమ్మింగ్ పూల్ మీదికి చూస్తుంది. అందుకని ఆయనకి మాత్రం ఈ సంగతి తెలియనివ్వనని మా అమ్మాయి చేత ఒట్టు వేయించుకున్నాను. డాక్టరు చెప్పిన వ్యాయామానికి కిందికి వెళుతున్నానని మాత్రం ఆయనకి తెలుసు.

మొదటి రోజు పూల్ మెట్ల మీద మోకాలి లోతులో నిలబడి తలెత్తి చూస్తే చుట్టూ బాల్కనీలే. వణికిపోయాను. నీళ్ళలో అప్పటికే ఒకావిడ వెల్లకిలా తేలుతూ ఉంది. నాకన్నా రెండేళ్ళు చిన్న. నానక్‌రామ్‌గూడలో పుట్టిన మనిషి. వాళ్ళ జొన్న చేలున్న చోట ఇప్పుడు అద్దాల భవనాలున్నాయి. చిన్నప్పుడు నడుముకి ఎండు సొరకాయ బుర్ర కట్టి వాళ్ళ పెద్దన్న వ్యవసాయ బావిలోకి తోసేశాడట, అలా వచ్చిన ఈత. ఏ ఊరని అడిగి, నేను చెప్పగానే ఆవిడ పకపకా నవ్వింది.

"ఏందక్కా, గోదారి ఒడ్డున పుట్టిన అంటవ్, మోకాల్లోతుల గింత వణుకుతవ్?"

"అది కాదు చెల్లెమ్మా, అంతా చూస్తున్నారేమోనని."

"ఎవరు చూస్తరు? ఆఫీసులకు పోయెటోళ్ళు పోయిన్రు, ఇంట్ల ఉన్నోళ్ళు కంప్యూటర్ల తలకాయ వెట్టిన్రు. మన మొగుళ్ళే మనల్ని సక్కగ సూడలే, గీళ్ళు సూస్తరా? జర ఊపిరిడిసి పండుకో, నీళ్ళు నిన్ను మింగయి."

ఆవిడ అరచెయ్యి నా వీపు కింద పెట్టి తేలడం నేర్పింది. తేలుతున్నప్పుడు పైన కనిపించేవి బాల్కనీలే కాబట్టి వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆవిడ చెప్పింది నిజమే, వాటిలో ఆరేసిన బట్టలూ కుండీలూ తప్ప మనిషన్నవాడు లేడు. అయినా రోజూ ఓ వరస నుంచి మొదలుపెట్టి నలభై ఒకటి లెక్కపెట్టుకుంటేనే నాకు ధైర్యం. "లెక్క వెట్టుకుంట పంటె మోకాళ్ళు నయమైతయా? కాళ్ళు కొట్టు" అని ఆవిడ కసిరేది. ఈత టోపీ జారిపోయి నా నెరిసిన పిలక తడిసి వేలాడిన రోజున పిల్లలకు ఈత నేర్పే అమ్మాయి కూడా నవ్వాపుకోలేకపోయింది. పట్టుకుని కాళ్ళాడించమని నాకిచ్చిన రబ్బరు పలక మీద బాతు బొమ్మ. నీళ్ళు మింగి దగ్గుతుంటే తోటమాలి పరుగెత్తుకొచ్చాడు. మొదటి రోజు వణుకుతో కలిపి అవమానాలు అలా ఐదయ్యాయి. ఆరోదాని కోసం కాచుకుని ఉన్నాను.

ఆ ఏడాది నా రోజు మారిపోయింది. నీళ్ళలోంచి వచ్చేసరికి ఆకలి దంచేసేది, పన్నెండు కొట్టకముందే అన్నం తినేదాన్ని. చీకటి పడేలోగా రాత్రి భోజనం అయిపోయేది. సాయంత్రం రెండో కాఫీ దానంతటదే పోయింది. ఏళ్ళ తరబడి రాని నిద్ర వచ్చింది. మంచి అలవాట్లంటే ఇవేనేమో, నేను పనిగట్టుకుని చేసింది మాత్రం సిగ్గుపడుతూ నీళ్ళలోకి దిగడం ఒక్కటే.

ఇంట్లో ఒక చికాకు మొదలైంది. సరిగ్గా ఆ రోజుల నుంచే మా అల్లుడు మీటింగులకి వంటింట్లో తిరగడం మొదలుపెట్టాడు. పదకొండు దాటాక నేను పైకి వచ్చేసరికి చెవుల్లో అవి పెట్టుకుని స్టవ్ నుంచి ఫ్రిజ్ దాకా, ఫ్రిజ్ నుంచి స్టవ్ దాకా పచార్లు చేస్తూ ఉండేవాడు. మధ్యలో కుక్కరు కూస్తే, అవతలివాళ్ళకి ఇంగ్లీషులో క్షమాపణ చెప్పుకుని, మూడో కూతకి స్టవ్ కట్టేవాడు. నేను చీర కింద తడితొడుగుతో కొంగు బిగించి పట్టుకుని ఎక్కడ నీటిచుక్క కారుతుందోనని గోడవారగా నా గదిలోకి దూరేదాన్ని. ఆ తొడుగుని వాష్ ఏరియాలో తీగ మీద వేసి, కనిపించకుండా పైన నా లంగా కప్పేదాన్ని. ఇంత హాలు, అంత బాల్కనీ ఉంచుకుని ఈ మనిషికి నడవడానికి నా పోపులపెట్టె పక్కనే చోటు దొరికిందా అని ఒళ్ళు మండేది.

అల్లుణ్ణి ముఖం మీద అనకూడదు. మా వైపు అలాంటప్పుడు గిన్నెలతో అంటాం. శ్రావణమాసంలో ఒకరోజు, పూర్ణాలకి శనగపప్పు రుబ్బుకోవాల్సి ఉండగా ఆయన ఇంకా అక్కడే తిరుగుతుంటే, ఇత్తడి గిన్నె ఠక్కుమని గట్టు మీద పెట్టి దానితోనే అన్నాను.

"ఆడవాళ్ళకి ఇంట్లో మిగిలిందే వంటిల్లు. ఇక అది కూడా ఆఫీసైపోతే మనం రోడ్డు మీద వండుకోవాలి కాబోలు!"

ఆయన చెవుల్లోవి తీసి, "క్షమించండి అత్తయ్యగారూ, రెండే నిమిషాలు" అని వాష్ ఏరియాలోకి వెళ్ళి, వాషింగ్ మెషీన్ పక్కన గోడవైపు తిరిగి నిలబడి మిగతా మీటింగు పూర్తి చేశాడు. గోడవైపే ఎందుకు తిరిగాడో అప్పుడు నాకు తట్టలేదు. గెలిచాననుకున్నాను.

దసరాకి ముందు డాక్టరు దగ్గర రెయిలింగ్ పట్టుకోకుండా ఒక అంతస్తు ఎక్కాను, దిగాను, అడక్కుండానే మళ్ళీ ఎక్కాను. ఆపరేషన్ అక్కర్లేదన్నాడు. రాజపూజ్యం ఒకటి. ఆ వారంలోనే నానక్‌రామ్‌గూడ చెల్లెలు బతుకమ్మకి పిలవడానికి మొదటిసారి మా ఇంటికి వచ్చింది. హాల్లో మా అల్లుడు కూడా ఉన్నాడు. నేను కళ్ళతో ఎంత సైగ చేసినా ఆవిడ ఆగలేదు.

"మీ అత్త ఇప్పుడు చేప అయింది బిడ్డా! నడిమిట్ల ఆగకుంట అటు గోడ ముట్టి వస్తది. రేపు సద్దుల బతుకమ్మకు కిందికి రావాలె, ఆడాలె, చెప్పు జర నువ్వన్న."

భూమి చీలితే బాగుండుననిపించింది. ఇదే ఆరోది అనుకున్నాను. ఆయన తలెత్తకుండా, "మంచిదండీ" అన్నాడు. ఆవిడ లేచి బాల్కనీలోకి వెళ్ళి కిందికి చూసి, కర్టెన్ పట్టుకుని వెనక్కి తిరిగింది.

"ఓ, గీ నీలం పర్దా మీదేనా! నేను రోజు అనుకుంటి, మనం నీళ్ళల్లకు దిగే యాళ్ళకు ఇది మూతవడ్తది, ఎక్కిపొయ్యేదాక తెర్వరు. ఎందుకో అనుకుంటి."

"ఎండ పడితే స్క్రీన్ కనిపించదండీ" అన్నాడు మా అల్లుడు.

మా బాల్కనీ పడమటి వైపు. మధ్యాహ్నం రెండు దాటితే గాని ఎండ రాదు. ఆ సంగతి అప్పడాలు ఎండబెట్టే నాకు తెలియదా? చెల్లెలు వెళ్ళిపోయాక నా గదిలో కూర్చున్నాను. ఆర్నెల్లపాటు తేలుతూ ప్రతి బాల్కనీ లెక్కపెట్టాను, మా బాల్కనీ వైపు మాత్రం ఒక్కసారి కూడా కన్నెత్తలేదు. అక్కడ ఆయన ఉంటాడేమోనన్న సిగ్గు. ఉన్నవి నలభై రెండు, నా లెక్కకి వచ్చినవి నలభై ఒకటి. ఆ ఒక్కదాని వెనక ఆయన కర్టెన్ వేసి, గాలీ వెలుతురూ వదులుకుని, ఇంట్లోంచి కింద నీళ్ళు కనిపించని చోటు వెతుక్కుని పోపుల ఘాటులో తిరిగాడు. ఆఖరికి నా తొడుగు ఆరేసిన చోట గోడకి ముఖం పెట్టి నిలబడ్డాడు. తనకి తెలుసునన్న సంగతి నాకు తెలియనివ్వలేదు. అలాంటివాణ్ణి నేను గిన్నెతో అన్నాను. అద్దం ముందు పడిన సిగ్గు, టోపీ జారినప్పటి సిగ్గు దీని ముందు ఎందుకూ కొరగావు.

క్షమించమని అడిగితే ఆయన దాచినదంతా బయటపెట్టినట్టవుతుంది. అది ఆయనకి చేసే మర్యాద కాదు. మర్నాడు పూల్ నుంచి వచ్చేసరికి ఆయన ఎప్పటిలాగే స్టవ్ దగ్గర ఉన్నాడు. నేను కాఫీ ఫిల్టరుతో అన్నాను.

"ఈ వంటిల్లు విశాలంగానే ఉంది. తిరిగేవాళ్ళు తిరగొచ్చు. డికాక్షన్ కూడా చిక్కగా దిగింది."

ఆయన గ్లాసు తీసి గట్టు మీద పెట్టాడు. ఆ పైన మా మధ్య ఆ ప్రస్తావన ఎన్నడూ రాలేదు.

ఏడాది చివర లెక్క చూసుకున్నాను. చెల్లెలు హాల్లో నా ఈత బయటపెట్టింది కనుక అదే ఆరోది అనుకుందామంటే, ఆయనకి ఆర్నెల్ల ముందే తెలిసిన విషయం బయటపడడం అవమానమెలా అవుతుంది? గిన్నెతో అన్న మాట ఉంది గాని, అది పడ్డవాడు ఆయన, ఆయన రాశి లెక్కలో వేయాలి. రాజపూజ్యం రెండోది ఏదో మాత్రం నాకు వెతుక్కోనక్కర్లేకపోయింది. సిగ్గుతో తల వాల్చి పుచ్చుకునే గౌరవం కూడా ఒకటి ఉంటుందని ఏ పంచాంగం చెప్పదు.

ఇప్పుడాయన్ని ఆఫీసుకి పిలిచేశారు. పొద్దున్నే వెళితే చీకటి పడ్డాకే రావడం. కుక్కరు కూసినప్పుడు ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పరు. పచార్లు చేసేవాళ్ళు లేక ఆ స్టవ్‌కీ ఫ్రిజ్‌కీ మధ్య జాగా మరీ పెద్దదైపోయింది. ఇవాళ్టి పిల్లలు ఏదైనా మొహమ్మీదే చెప్పుకుంటారు, అదీ మంచిదే. ఆ గ్రూపులో నేను చివరికి "ఈత" అని ఒక్క ముక్క రాశాను.

పదింటికి కిందికి దిగే ముందు, ఇంట్లో ఎవరూ లేకపోయినా, బాల్కనీకి నీలం కర్టెన్ నేనే వేసి వెళతాను. నీళ్ళలో వెల్లకిలా తేలుతూ వరసగా లెక్కపెడతాను. ఇప్పుడు నలభై రెండూ వస్తున్నాయి.