ఎదురింటి అక్కగారి పూసలు

గోదారమ్మ మీద ఒట్టేసి చెబుతున్నానండి, ఈసారి ప్రతి మాటా నిజం.

రాజమండ్రిలో మా ఎదురింటి అక్కగారు పాలిమర్ క్లేతో, అంటే ఓవెన్‌లో కాలిస్తే గట్టిపడే మట్టిలాంటి ముద్దతో, పూసలు చేసేవారు. పచ్చి పూసలోకి సూదిని ఒక పక్క నుంచి సగం, తిప్పి రెండో పక్క నుంచి సగం దింపి, కంటి దగ్గర పెట్టుకుని, "ఆఁ, వెలుతురొచ్చింది" అనేవారు.

ఓ రోజు ఆవిడ లోపలికెళ్ళినప్పుడు, మిగిలిన పూసలకు నేనే ఒక్కో పోటుతో బెజ్జాలు పొడిచేశాను. తను చేసినవేననుకుని ఆవిడ వాటిని ఓవెన్‌లో పెట్టేశారు. దండ గుచ్చితే, బెజ్జాలు మధ్యలో లేక అవన్నీ వంకరగా వేలాడాయి.

"నా చెయ్యి వణుకుతోందేమో తమ్ముడూ," అన్నారు వేళ్ళు చూసుకుంటూ.

"వయసొచ్చింది కదండీ అక్కగారూ!" అన్నాను. ఆ మాట అంటుంటే నా గొంతు పూడుకుపోయింది. ఆవిడ మళ్ళీ సూది పట్టలేదు.

ఇందులో నేను కల్పించింది ఆ గొంతు సంగతొక్కటే. నిజానికి నవ్వుతూనే అన్నాను.