చివరిసారి బాగా నడిచిన రోజు

మొన్న ఆదివారం పొద్దున్నే గుణదలలో మా ఇంటికి ఫోను వచ్చింది. చేసింది మా లారీ పాత డ్రైవరు. "మేస్త్రి గారు పోయారమ్మా. నమాజుకి లేవలేదని ఇంట్లోవాళ్ళు వెళ్ళి చూస్తే అప్పటికే అయిపోయిందంట" అన్నాడు. ఆటోనగర్‌లో లారీలు బాగుచేసే మేస్త్రులు ఎంతమందో ఉన్నారు. మా ఇద్దరికీ మాత్రం మేస్త్రి అంటే ఆయనొక్కరే.

నేను లెక్కల టీచర్ని, రిటైరయ్యాను. మా ఆయన పోయినప్పుడు ఒక పాత లారీ, దాన్ని నడిపే డ్రైవరు నా చేతికి వచ్చారు. ఉయ్యూరు వైపు మిల్లుల నుంచి తవుడు, బియ్యం తోలే బండి అది. అమ్మేయమని అందరూ చెప్పారు. అందరూ ఒకటే మాట చెప్తే వినకపోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇంజన్లో ఏది ఎక్కడుంటుందో తెలియకుండానే ఓనర్ని అయిపోయాను.

మేస్త్రి షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. బండి రాగానే ఇంజన్ మీద చెయ్యి వేసేవారు కాదు. వచ్చినవాళ్ళని బల్ల మీద కూర్చోబెట్టి, టీ తెప్పించి, "చివరిసారి బాగా నడిచిన రోజు చెప్పండి" అనేవారు. ఎప్పుడు పాడైందని అడగరు. బాగున్న రోజు దగ్గర మొదలుపెట్టించి, ఆ తర్వాత ఏం మారిందో ఒక్కొక్కటీ చెప్పిస్తారు. టీ సాసర్లో పోసుకుని నిదానంగా తాగేవారు. ఎంత పెద్ద ఓనరైనా ఆ సాసరు ఖాళీ అయ్యేదాకా ఆగాల్సిందే. శుక్రవారాలు తెల్లబట్టలు వేసుకుని మసీదుకి వెళ్తూ గేటు దగ్గర ఒక్క నిమిషం నిలబడి, లోపల నడుస్తున్న ఇంజన్ని విని, "మూడో నాజిల్ చూడండి" అని చెప్పి వెళ్ళిపోయేవారు. తిరిగొచ్చేసరికి డీజిల్ చిమ్మే ఆ నాజిల్లోనే లోపం దొరికేది.

ఇక నా తప్పు చెప్పాలి. అది చెప్పకుండా ఆయన్ని తలుచుకుంటే సగమే తలుచుకున్నట్టు.

పన్నెండేళ్ళ కిందట బండి డీజిల్ ఎక్కువ తాగుతోందని నాకు తోచింది. పరీక్షల్లో కాపీలు పట్టుకునే బుద్ధి కదా, నా కన్ను నేరుగా డ్రైవరు మీద పడింది. గవర్నర్‌పేటలో తాళం ఉన్న మూత ఒకటి కొని ట్యాంకుకి పెట్టించాను. అది వేరే ఏదో యంత్రానిదట. ట్యాంకు గొంతుకి సరిపోయింది, చాలనుకున్నాను. తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులోనే ఉండేది. డీజిల్ కొట్టించేటప్పుడు నేనే వెళ్ళి మూత తీసేదాన్ని.

ఆ తర్వాతే బండి దారిలో ఆగిపోవడం మొదలైంది. పొద్దున బాగా స్టార్టయ్యేది. లోడుతో కొంత దూరం పోయాక కుదుపులు పడి, లాగలేక, ఆగిపోయేది. కాసేపు వదిలేస్తే మళ్ళీ కదిలేది. ఫిల్టర్ మార్పించినా గుణం కనపడలేదు. ఇతగాడు దొంగతాళం చేయించి, డీజిల్ అమ్ముకుని, కిరసనాయిలు కలుపుతున్నాడని నేను తేల్చేసుకున్నాను. బండిని ఆటోనగర్ తీసుకెళ్ళి మేస్త్రిని పక్కకి పిలిచాను.

"కిరసనాయిలు కలిసిందని మీరు ఒక్కమాట చెప్పండి. ఇవాళే మాన్పించేస్తాను."

"సాక్ష్యం కావాలంటే ఇంకెక్కడికైనా వెళ్ళండమ్మా. రోగం చూడాలంటే బండి ఇక్కడుంచండి" అన్నారాయన.

నేను తాళం తీశాను. ఆయన కాస్త డీజిల్ అరచేతిలో పోసుకుని వాసన చూసి, "డీజిలే" అన్నారు. తర్వాత ఇంజన్ నడుస్తుండగానే ఒక్కో సిలిండరుకీ డీజిల్ ఆపి చూశారు. ఆపిన ప్రతిసారీ శబ్దం పడిపోయింది, వదలగానే లేచింది. క్లాసులో హాజరు పిలిచినట్టు ఆరూ పలికాయి. గంటసేపు నిలబెట్టి నడిపినా బండి ఆగలేదు.

"చూశారా, నేనుంటే ఆగదు" అన్నాను.

"మీరుంటే బండికి ఏం చేస్తారమ్మా?" అని అడిగారు. వేళాకోళం అనుకున్నాను.

మర్నాడు ట్యాంకు నిండా కొట్టించి, లోడుతో బందరు రోడ్డు పట్టాం. డ్రైవరు పక్కన మేస్త్రి, ఆయన పక్కన నేను. కంకిపాడు దాటాక కుదుపులు మొదలయ్యాయి. ఇంకాస్త పోయి బండి ఆగిపోయింది. మేస్త్రి ఇంజన్ వైపు చూడనైనా లేదు. డ్రైవర్ని సీట్లోనే ఉండమని, నాతో పాటు దిగారు.

"తాళంచెవి మీ దగ్గరేగా అమ్మా. మూత మీరే తీయండి."

తీశాను. ట్యాంకు బుస్సుమని గాలి పీల్చుకుంది. డ్రైవరు సెల్ఫ్ కొట్టాడు. ఇంజన్ ఏమీ ఎరగనట్టు అందుకుంది.

"పాత మూతకి సన్నటి కన్నం ఉండేది" అన్నారు మేస్త్రి, గొంతు తగ్గించి. "డీజిల్ ఖర్చయ్యే కొద్దీ గాలి ఆ దారిన లోపలికి పోవాలి. దీనికి ఆ దారి లేదు. గాలి పోకపోతే డీజిల్ రాదు." షెడ్డు దగ్గర నేను మూత తీసి అలాగే వదిలేశాను గనుకే అక్కడ ఆగలేదు. డ్రైవరు వైపు చూసి, "అతనికి మీరు చెప్తారా, నేను చెప్పనా?" అన్నారు.

"నేనే చెప్తాను" అన్నాను.

చెప్పలేదు. మూత బాగాలేదట, మార్చాలి అని మాత్రం అన్నాను. టీచరు నోటికి తప్పు ఒప్పుకోవడం రాదు. ఇవాళ కాదు రేపు అనుకుంటూ సంవత్సరాలు గడిపేశాను. లారీ అమ్మేసినా చెప్పలేదు. మేస్త్రి ఏనాడూ నన్ను అడగలేదు. ఆయన మరిచిపోయారనుకుని బతికిపోయాననుకున్నాను, సిగ్గూ పడ్డాను.

ఆ ఆదివారమే ఆయన ఇంటికి వెళ్ళాను. లోపల ఆడవాళ్ళతో కూర్చున్నాను. మగవాళ్ళు ఆయన్ని ఖననానికి తీసుకెళ్ళారు, మోయడానికి మా డ్రైవరు కూడా ఒక భుజం ఇచ్చాడు. తిరిగొచ్చి గుమ్మం బయట నీళ్ళ తొట్టి దగ్గర నిలబడ్డాడు. చేతుల నిండా మట్టి. నేను బయటికి వెళ్ళాను.

"ఆ మూత రోజున బండి ఆటోనగర్ తెచ్చింది నిన్ను దొంగవని తేల్చడానికి. కిరసనాయిలు కలుపుతున్నావనుకున్నాను. నాదే తప్పు" అన్నాను.

"తెలుసమ్మా" అన్నాడు. "మూత తీసినప్పుడు మీ మొహం అద్దంలో కనపడింది. మర్నాడే మేస్త్రి గారి దగ్గరికెళ్ళి మానేస్తానన్నాను. ఆవిడ చెప్తానన్నారు, చెప్పేదాకా ఉండు అన్నారాయన. షెడ్డుకెళ్ళినప్పుడల్లా అడిగేవారు, చెప్పారా అని."

నాకు ఏడుపు ఆగలేదు. అతను రెండు చేతులూ తొట్టి మీదికి చాచాడు. "కాస్త నీళ్ళు పోయండమ్మా" అన్నాడు.

మగ్గు ముంచి పోశాను. మేస్త్రి మీద వేసొచ్చిన నల్లమట్టి అతని వేళ్ళ సందుల్లోంచి కరిగి కిందికి జారుతోంది. గోళ్ళలో ఇంకా ఉంది. మళ్ళీ ముంచి పోశాను.