కప్పు తాటాకు మంటేసిన భీమిలి

సెలవు పెట్టి డచ్చివాళ్ల సమాధులు చూడ్డానికి వెళ్తున్నానంటే పోర్టు ఆఫీసులో మావాళ్లు నవ్వారు. స్టీలు ప్లాంటుకు పునాదిరాయి పడి, ఎక్కడ విన్నా ఉద్యోగాల కబుర్లే నడుస్తున్న రోజులవి. గోదావరి జిల్లా నుంచి వచ్చి నాలుగేళ్లయినా నేను భీమిలి చూడలేదు. పూర్ణా మార్కెట్ దగ్గర భోంచేసి పన్నెండు గంటల బస్సెక్కాను. టిక్కెట్టు రూపాయిన్నర.

పక్కన ఖాళీ చేపల గంపతో ఒకావిడ కూర్చుంది. పేరు పైడమ్మ. మాట కలుపుదామని నోరు జారాను. "పొద్దున పోర్టులో తుపాను గుర్తు ఎగరేశారమ్మా."

ఆవిడ ముఖం పాలిపోయింది. "మా మావ, మరిదీ తెప్పేసుకుని ఎల్నారు బాబూ. ఇప్పుడా సెప్తన్నావు?"

మావంటే మొగుడని అర్థమైంది. తుపాను నేనే తెచ్చినట్టు అడిగింది. కోపం వచ్చింది గానీ, గంప అంచును నులిమేస్తున్న ఆ చేతులు చూడగానే దిగిపోయింది.

సమాధులు సముద్రానికి దగ్గరే. వర్తకానికొచ్చి, మళ్లీ ఓడెక్కలేకపోయినవాళ్లవి. అప్పట్లో ఓడలు ఆగిన రేవిది. ఇప్పుడు తెప్పలే మిగిలాయి. వెళ్లేవాళ్లు మంచినీళ్లు వెంట తీసుకెళ్లండి, అక్కడ దొరకవు. పలకల మీద పేర్లు చదువుతుండగానే ముసురు పట్టింది. మనసు ఒప్పక ఒడ్డుకు నడిచాను.

జనం నిలబడి ఉన్నారు. పైడమ్మ వాళ్ల మధ్యే ఉంది. ఒక ముసలి జాలరి నాతో అన్నాడు. "కొండ గురుతు సూసుకుని ఒడ్డుకొత్తారు బాబూ. కొండే కనబడకపోతే రాళ్ల మీదకి పోతారు."

ఒడ్డు కనబడాలంటే మంట వేయాలి. కిరాణా కొట్టాయన అడక్కుండానే కిరసనాయిలు డబ్బా తెచ్చాడు. కట్టెలన్నీ తడిసిపోయాయి. పైడమ్మ తన గుడిసెలో దూరి, లోపలినుంచి కప్పు పీకడం మొదలుపెట్టింది. తాటాకులో అడుగు వరసే పొడిగా ఉంటుంది.

"అమ్మా, తుపానొస్తుంటే కప్పు పీకేస్తే ఎలా?" అన్నాను.

"మావ రాకపోతే ఈ కప్పు ఎవులికి? పట్టు."

పట్టాను. ఇరుగుపొరుగు మగవాళ్లు అప్పటికే వేట నుంచి ఇళ్లు చేరుకున్నారు. అయినా వాళ్లూ తమ కప్పులు పీకి తెచ్చారు. మంట లేచింది, వాన అణిచింది, మళ్లీ తాటాకు వేశాం. ఏ దేవుడికి మొక్కానో గుర్తులేదు గానీ, మొక్కాను.

చీకటి పడే వేళకు అలల మీద తెప్ప లేచింది. దాని మీద ఇద్దరూ ఉన్నారు.

మొగుడు ఒడ్డెక్కి గుడిసె వైపు చూశాడు. "కొంప పీకీసినావేటే?"

పైడమ్మ వాడి గుండెల మీద పిడికిలితో గుద్దింది. "నోర్ముయ్. కూడు తిందువు రా," అని అప్పుడు ఏడ్చింది.

కొట్టాయన డచ్చివాళ్లనాటి తన రాతి గోదాము తాళం తీశాడు. బియ్యం బస్తాలు ఒక పక్కకు జరిపించి, రాత్రికి అందర్నీ అందులోకి రమ్మన్నాడు.

ఏడు గంటల ఆఖరి బస్సు దొరికింది. కండక్టరు ముక్కు ఎగబీల్చాడు. "ఏటి బావ, పొయ్యిలోంచి వత్తన్నావేటి?" నేను నవ్వలేకపోయాను. బయట వాన హోరెత్తుతోంది. భీమిలిలో ఆ వీధి జనమంతా ఈపాటికి ఒకే కప్పు కింద చేరి ఉంటారు, ఒక్క మనిషీ తక్కువ కాకుండా.