చెల్లెలి మడికే ముందు నీళ్లు

మా చిన్నప్పుడు... తొండుపల్లిలో మా చేలో బాపు మా అక్కచెల్లెళ్లిద్దరికీ చెరో చేమంతి మడి ఇచ్చేవాడు. పెద్దదాన్ని నేనే. అయినా కాలువ మొదట్లోని మడి చెల్లెలు సుగుణది... చివరిది నాది. మోట తోలినప్పుడల్లా ముందు దానికే నీళ్లు పారేవి.

ముందు పూసిన మడి పూలే దేవుని గూట్లో పెట్టాలని అమ్మ నియమం. ఏటా సుగుణ పూలే. నేను కళ్లు మూసుకుని దండం పెట్టేదాన్ని... దాని మడిలో కోళ్లు పడాలని.

బాపు పోయాక చేను ఇద్దరికీ సమంగా వచ్చింది. తర్వాత ఊరి పక్కనే విమానాశ్రయం వచ్చింది. అందరూ అమ్ముతున్నారని నేనూ సంతకం పెట్టాను. ఇప్పుడు నా చేలో ప్లాట్లకు పాతిన రంగుల హద్దురాళ్లు... సుగుణ మాత్రం అమ్మలేదు. తల మీద విమానాలు, కింద పాలకూర, టమాటా.

ఇప్పుడు నేనుండే రాజేంద్రనగర్‌లో కొత్తిమీర కట్ట కొన్నప్పుడల్లా సుగుణ చేనే గుర్తొస్తుంది. ఆ రోజు అసూయతో జపం కుదరదు.

పోయిన నెల నా చేను కొన్న మనిషి ఇంటికొచ్చాడు.

"అక్కా, నడిమిట్ల మీ చెల్లె చేనొక్కటే అడ్డమున్నది. నువ్వు చెప్తె ఇంటది. జర చెప్పరాదూ."

సరేనన్నాను. దాని మేలు కోరి కాదు... అదీ అమ్మేస్తే ఇద్దరం ఒకటే అవుతామని.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. సుగుణ పాలకూర కోస్తోంది.

"గట్ల నిలబడ్డవేందక్కా? జర కట్టలు కట్టు. ప్లాట్ల దొరసానివి, చేతులకు మట్టి అంటొద్దా?"

కూర్చున్నాను. ఎన్నేళ్లయిందో... గోళ్లలోకి తడి మట్టి వెళ్లింది.

"ఇంతకు ఎందుకొచ్చినవ్?"

"నిన్ను అమ్మమని చెప్పనీకి వచ్చిన."

దాని చెయ్యి ఆగింది. "నువ్వేమంటవ్ మరి?"

చేతిలోని కట్ట కింద పెట్టాను.

"నేను అమ్మి ఏడుస్తున్న. నువ్వు అమ్మకు."

సుగుణ నా వైపు చూడలేదు. ఇంకో కట్ట నా ముందు పడేసింది. "ఏడ్సుడెందుకు... రేపు గూడ రా. కూలికి మనుషులు దొరుకుతలేరు."

ఆ సాయంత్రమే ఆ మనిషికి ఫోన్ చేసి, ఈ మాట మీద ఇక మా ఇంటికి రావద్దని చెప్పాను. అసూయ పోయిందా అంటే... లేదు. కానీ ఇప్పుడు దీపం పెట్టి ఆ చేను నిలవాలనే మొక్కుతున్నాను.

ఒకప్పుడు మా ఊళ్లో మనిషి ఎదురైతే, ఈ ఏడు ఏం వేశారని అడిగేవాళ్లు. ఇప్పుడు ఎప్పుడు అమ్ముతున్నారని అడుగుతున్నారు...

మీ వాళ్లలో ఇంకా అమ్మకుండా దున్నుకుంటున్నవాళ్లు ఉన్నారా? వాళ్ల చేలో ఈ ఏడు ఏం వేశారో రాయండి. చదువుతాను... కుళ్లుకుంటూనే చదువుతాను.