పడని వానను రాసింది నేనే

ఈ మాట పన్నెండేళ్లుగా నాలో ఉంది. ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు. గుడిలో నిలబడి కళ్లు మూసుకున్నప్పుడు సైతం అది తప్ప మిగతా తప్పులన్నీ గుర్తు చేసుకునేవాణ్ణి. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకైతే చెప్పగలనేమో అనిపిస్తోంది.

అనంతపురానికి దగ్గర్లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో రెండో సంవత్సరం పిల్లలకు కంప్యూటర్ నెట్‌వర్క్స్ చెబుతాను. ప్రతి ఏడూ ఒక పాఠం నన్ను భయపెడుతుంది. కష్టమైన పాఠం కాదు. పంపిన సమాచారం దారిలో చెడిపోయిందో లేదో అందుకున్నవాడు ఎలా కనిపెడతాడన్నది. పంపేవాడు తన అంకెలన్నీ కూడి, ఆ మొత్తాన్ని కూడా వెంట పంపుతాడు. దాన్ని చెక్‌సమ్ అంటాం. అందుకున్నవాడు మళ్లీ కూడి చూసుకుంటాడు. రెండూ సరిపోతే దారిలో ఏమీ చెడలేదన్నమాట. గంటసేపు చెప్పాల్సింది నేను అరగంటలో ముగిస్తాను. పిల్లలు చెయ్యెత్తేలోపే బోర్డు తుడిచేస్తాను.

ఎందుకో చెప్పాలి.

చదువు అయిపోగానే నాకు దొరికిన మొదటి పని వాన కొలిచే యంత్రాలు చూసుకోవడం. కాంట్రాక్టు పని. మండలానికొక యంత్రం. ఇనుప స్తంభం మీద ఒక గరాటు, దాని కింద చిన్న తొట్టి. తొట్టి నిండితే ఒక పక్కకు ఒరిగి ఖాళీ అవుతుంది. ఎన్నిసార్లు ఒరిగిందో పక్కనున్న పెట్టె లెక్కపెట్టి దాచుకుంటుంది, ఫోన్లో ఉండేలాంటి సిమ్ ద్వారా గంటకోసారి ఆఫీసు కంప్యూటరుకు పంపుతుంది. సంబంధం తెగితే నేను బండి మీద వెళ్లి బాగుచేయాలి, పెట్టెలో నిలిచిపోయిన అంకెలు తెచ్చివ్వాలి.

ఒక మండలంలో ఆ యంత్రం ఒక పల్లె బడి వెనక ఉండేది. ఊరి పేరు రాయను. పక్క చేను ఓబులేసు అనే రైతుది. ఐదెకరాల వేరుశనగ, ఒక జత ఎద్దులు, భార్య, ఏడేళ్ల కూతురు. మేకలు వైర్లు కొరుకుతున్నాయని నేను అడక్కుండానే యంత్రం చుట్టూ ముళ్లకంప వేశాడు. వెళ్లినప్పుడల్లా జొన్నరొట్టె పెట్టేవాడు. నాకంటే చాలా పెద్దవాడు, అయినా నన్ను వాన మిషన్ సారు అని పిలిచేవాడు.

ఆ ఏడు వేరుశనగ ఊడలు నేలలోకి దిగి కాయ పట్టే వేళ, ఆ యంత్రం నుంచి సమాచారం ఆగిపోయింది. ఆఫీసు కంప్యూటరులో ఆ గళ్లు ఖాళీగా కనబడుతున్నాయి. నేను వెళ్లలేదు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలకు తిరుగుతున్నాను. రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకుంటూ పంతొమ్మిది రోజులు గడిపేశాను. అప్పుడు ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. కరువు మండలాల జాబితా కోసం లెక్కలు పైకి పోతున్నాయి, సాయంత్రంలోగా ఖాళీలు నింపు అన్నారు. పెట్టెలోంచి అంకెలు తెచ్చావా అని అడిగారు. తెచ్చానన్నాను.

బెంగళూరు బస్టాండులో కూర్చుని ఉన్నాను అప్పుడు. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, పక్క మండలం యంత్రం పంపిన అంకెలు తీసి ఈ మండలం గళ్లలో పెట్టాను. ఆ మండలంలో రెండు మంచి వానలు పడ్డాయి. దగ్గరే కదా, ఇక్కడా పడే ఉంటుంది అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? ఈ నేల మీద పుట్టినవాడికి తెలియదా, రోడ్డుకు ఈ పక్క తడిస్తే ఆ పక్క దుమ్ము లేస్తుందని? తెలుసు. తెలిసే రాశాను. గడి ఖాళీగా ఉంటే, నువ్వెందుకు వెళ్లలేదని అడుగుతారు. అంకె ఉంటే ఎవరూ ఏమీ అడగరు. వరసగా ఇన్ని రోజులు వాన లేకపోతేనే కరువు మండలం. ఆ వరసను నా రెండు వానలు తెంచుతాయని కూడా నాకు తెలుసు. దాని గురించి ఆలోచించకుండా బస్సెక్కాను.

మూడో రోజు ఆ ఊరికి వెళ్లాను. సిమ్ పెట్టె నుంచి యాంటెనాకు పోయే వైరును ఎలుక కొరికింది. పది నిమిషాల పని. పొద్దున పది గంటలకే వేరుశనగ ఆకులు ముడుచుకుపోయి ఉన్నాయి. ఓబులేసు చేనుగట్టు దాటి వచ్చాడు.

“ఏమప్పా సారూ, ఇన్నాళ్లూ రాకపోతివే.”

“పనులుండె అన్నా.”

“వాన పడి శానా దినాలాయె. ఈ పంట పోయినట్టే. పోతే పోనీ, ఎద్దులకన్నా మేత కావల్ల కద. కరువని రాస్తే గడ్డి క్యాంపు పెడతారంట. ఈడ వాన లేదని మన మిషన్ చెప్పింటాది కదప్పా?”

“మిషన్ ఏం చూస్తే అది చెప్తాదన్నా” అన్నాను.

“అంతే సాలు. మనిషైతే దుడ్లు తిని ఒకటికి ఇంకోటి రాస్తాడు. మిషన్‌కు ఆ బుద్ధి యాడిది.”

నీళ్లు తెస్తానని ఇంటికి వెళ్లాడు. నేను పెట్టెకు ల్యాప్‌టాప్ తగిలించాను. యాంటెనా తెగినా పెట్టె లెక్కపెడుతూనే ఉంది. గంట తర్వాత గంట, రోజు తర్వాత రోజు, అన్నీ సున్నాలు. తొట్టి ఒక్కసారి కూడా ఒరగలేదు. వైరు అతికిస్తే ఆ సున్నాలు వాటంతటవే ఆఫీసుకు పోతాయి. నేను రాసిన వానలు, అది చూసిన సున్నాలు పక్కపక్కన నిలబడతాయి. జాబితా ఇంకా బయటికి రాలేదు. ఒక్క ఫోను చేసి, తప్పయింది సార్ అంటే చాలు. మహా అయితే ఉద్యోగం పోయేది. ఎలాగూ వదిలేయాలనుకుంటున్న ఉద్యోగమే. అయినా ఎందుకు చేయలేదు? ఇన్నేళ్లుగా అడుగుతున్నాను. భయం తప్ప వేరే జవాబు దొరకలేదు. పెట్టె జ్ఞాపకం మొత్తం తుడిచేశాను. ఆ తర్వాత వైరు అతికించాను. ఓబులేసు చెంబుతో నీళ్లు తెచ్చాడు. తాగాను.

జాబితా వచ్చింది. ఆ మండలం పేరు లేదు. గడ్డి క్యాంపు రాలేదు. తర్వాతి సంగతులు బడిలో ఊడ్చే మాబున్ని చెప్పగా విన్నాను. ఓబులేసు మండలాఫీసుకు పోయి వాన పడలేదని వాదించాడట. వాళ్లు కంప్యూటరులో అంకెలు చూపించారట. అంతే, మళ్లీ నోరెత్తలేదట. మిషన్ చెప్పిందంటే యాడో పడే ఉంటుంది, మన చేన్లోనే పడలేదేమో అని తిరిగొచ్చాడట. నెల తిరక్కుండా ఎద్దులను సంతలో కోతకు కొనేవాళ్లకు అమ్మి, భార్యాబిడ్డలతో బెంగళూరులో కట్టడం పనికి పోయాడు. నేను మళ్లీ వెళ్లేసరికి ఇంటికి తాళం వేసి ఉంది. యంత్రం చుట్టూ అతను వేసిన ముళ్లకంప అలాగే ఉంది. ఆ నెలాఖరుకు పని మానేశాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రాలేదు. ఎం.టెక్. చదివి పంతులునయ్యాను.

ఈ ఏడు కొత్త క్లాసు జాబితాలో ఆ ఊరి పేరు కనబడింది. నాగవేణి. తండ్రి పేరు ఓబులేసు. రెండుసార్లు చదివాను. హాజరు పిలుస్తూ ఆ పేరు దగ్గర తలెత్తకుండానే తర్వాతి పేరుకు పోయాను. ఆ రోజు నుంచి ఆ క్లాసుకు నడిచే వరండా నాకు చాలా పొడవుగా అనిపిస్తోంది. ఆ పాఠం రోజున బోర్డు తుడవబోతుంటే ఆ పిల్లే లేచింది.

“సార్, పంపేటోడే తప్పు రాసి పంపిస్తే? అప్పుడూ రెండు లెక్కలూ సరిపోతాయి కదా?”

అది సిలబస్‌లో లేదన్నాను. కొందరు నవ్వారు. తను నవ్వలేదు. పుస్తకంలో ఏదో రాసుకుంది. ఈ పిల్లకు తెలుసా? తెలిసే అడిగిందా? తెలిసే వీలు లేదు. తెలివైన ఏ పిల్లయినా అడిగే ప్రశ్నే అది. ఆ సంగతి నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను.

పోయిన శనివారం తల్లిదండ్రుల సమావేశం. జ్వరమని సెలవు పెట్టాను. జ్వరం లేదు. సోమవారం నాగవేణి స్టాఫ్‌రూముకు వచ్చింది. వాళ్ల నాయన ఇప్పుడు ఊళ్లోనే ఉన్నాడట. సమావేశానికి వచ్చి మధ్యాహ్నం దాకా నా కోసం కూర్చున్నాడట.

“నోటీసు బోర్డులో మీ ఫొటో చూసినాడు సార్. మా ఊరికి వస్తాండిన వాన మిషన్ సారు మీరేనేమో అడిగి రమ్మన్నాడు. మీరే అయితే శానా సంతోషమన్నాడు.”

“కాదమ్మా. ఇంకెవరో అయ్యుంటారు” అన్నాను.

సరే సార్ అని వెళ్లిపోయింది. ఎంత సులువుగా వచ్చింది ఆ మాట! పన్నెండేళ్ల కిందట పిరికివాణ్ణి, వయసు చిన్నది అని సర్దిచెప్పుకునేవాణ్ణి. ఇప్పుడేం చెప్పుకోను? అతను తిడతాడని కాదు నా భయం. నలుగురిలో నిలదీస్తాడనీ కాదు. నన్ను చూసి సంతోషిస్తాడే, అదీ నా భయం. ఆ సంతోషం ముందు నిలబడే ధైర్యం నాకు లేదు.

క్షమించమని అడగను. అడిగితే అతను క్షమిస్తాడు, అలాంటి మనిషి. అలా తేలిగ్గా దాటిపోయే హక్కు నాకు లేదు. ఈ కాగితాలు ఆ పిల్ల చేతికి ఇస్తానో లేదో ఇప్పుడు చెప్పలేను. ఇస్తానని చెప్పి మీ దగ్గర కూడా అబద్ధమాడలేను. కానీ సోమవారం చెప్పాల్సిన జవాబు ఇక్కడైనా చెబుతాను. అవును నాగవేణీ, ఆ వాన మిషన్ సారు నేనే. ఆ పంతొమ్మిది రోజులూ మీ మండలంలో చుక్క వాన పడలేదు. మిషన్ సరిగ్గానే చూసింది. మీ నాయనా సరిగ్గానే చూశాడు.

రాసేశాను. భయం తగ్గలేదు. కానీ ఆ సంగతి తెలిసినవాణ్ణి ఇక నేనొక్కణ్ణే కాదు.